భావసారూప్యంతో సమాజాలు: పఠన మందిరం నుంచి అంతర్జాలం దాకా

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు: ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తెలుగువారు ఒకే ఆలోచన గలవారితో సంఘాలు ఎలా కట్టుకున్నారు, ఆ సంఘాల పరిమితులు ఏమిటి, కంప్యూటరు, ఫోను వచ్చిన తరువాత ఆ పద్ధతుల్లో మారినదేమిటి, మారనిదేమిటి.

1. పరిచయం

తెలుగులో 'సమాజం' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. మనం పుట్టి పెరిగే మొత్తం జనసమూహం ఒకటి. కొంతమంది కావాలని కూడి ఏర్పరచుకున్న సంఘం రెండోది. మొదటి దానిలో మనం పుట్టుకతోనే సభ్యులం. రెండో దానిలో ఇష్టపడి చేరతాం. కులం, ఊరు, బంధుత్వం అనే పాత బంధాలకు పక్కన, ఆలోచన అనే కొత్త బంధంతో మనుషులు కూడడం ఆధునిక యుగపు ముఖ్య లక్షణాల్లో ఒకటి. 1878లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో ప్రార్థన సమాజం నెలకొల్పినప్పుడు 'సమాజం' అన్న మాటను ఈ రెండో అర్థంలోనే వాడారు. నిలయం, మండలి, పరిషత్తు, సంఘం వంటి మాటలు కూడా ఆ కాలంలోనే ఈ పనికి స్థిరపడ్డాయి.

నేడు చేతిలో ఫోను ఉన్నవారు ఒక్క నిమిషంలో తమలాంటివారిని వంద మందిని పోగుచేయగలరు. కాబట్టి ఇది పూర్తిగా కొత్త సంగతి అని చాలామంది అనుకుంటారు. చరిత్ర విద్యార్థి ఆ మాటను పరీక్షించి చూడాలి. మనుషులను పోగుచేయడం తేలికైంది నిజమే. పోగైన వారు కలిసి నిలవడం కూడా తేలికైందా? ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూ సాగుతుంది.

2. హైదరాబాదులో ఒక గ్రంథాలయం, ఒక ప్రచురణ మండలి

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. దానికి అండగా నిలిచినవారు మునగాల రాజా నాయని వెంకట రంగారావు. ఆలోచనను నడిపినవారు ఆ సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు. కొమర్రాజు నాగపూరులో చదువుకున్నారు, మరాఠీ బాగా తెలిసినవారు. మరాఠీ వారు తమ భాషలో చరిత్రను, శాస్త్రాలను రాసుకోవడం దగ్గరగా చూసిన ఆయనకు తెలుగులో ఆ లోటు స్పష్టంగా కనిపించింది.

నిజాం రాష్ట్రంలో పాలనకు, చదువుకు భాష ఉర్దూ. తెలుగు పుస్తకం దొరకడమే అరుదు. తెలుగు చదవాలనే కోరిక ఉన్నవారు ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్నారు. ఒక గది, కొన్ని పుస్తకాలు, కొన్ని పత్రికలు వారందరికీ కలుసుకునే చోటు ఇచ్చాయి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది.

పుస్తకాలు దాచిపెట్టడంతో పని తీరదు, రాయించాలి కూడా. 1906లో కొమర్రాజు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' తొలి భాగం 1910లో ఈ మండలి ద్వారానే వెలువడింది. మండలి మద్రాసుకు తరలింది కూడా.

మండలి పనిచేసిన తీరును గమనించాలి. చందాదారులు ఊరూరా ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఒకరినొకరు ఎన్నడూ చూసినవారు కారు. వారిని కలిపినవి తపాలా బంగీ, చందా రసీదు, చేతికి అందిన పుస్తకం. ముఖాముఖి లేకుండా సమాజం ఏర్పడడం అంతర్జాలంతో మొదలు కాలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. అచ్చు, రైలు, తపాలా మూడూ కలిసి ఆనాడే ఆ పని చేశాయి.

కొమర్రాజు తలపెట్టిన మరో మహాకార్యం 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి యువ పండితులు ఆయనతో కలిసి పనిచేశారు. మూడు సంపుటాలు వెలువడేసరికి కూడా అది అక్షరక్రమంలో మొదటి మెట్లు దాటలేదు. 1923లో కొమర్రాజు మరణంతో పని ఆగిపోయింది. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు దాన్ని మళ్లీ చేపట్టినా పూర్తి కాలేదు. పని ఒక్కరి భుజాల మీద ఉంటే, ఆ భుజాలు లేనినాడు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అవసరం లేదు.

3. బెజవాడ సభ, గ్రంథాలయాల అల్లిక

కోస్తా జిల్లాల్లో అప్పటికే అనేక ఊళ్లలో పఠన మందిరాలు ఉన్నాయి. వాటి మధ్య సంబంధం లేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆ గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ పుట్టింది. దానికి ప్రాణంలా పనిచేసిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి ఇరవై మూడేళ్లు. సంఘం తరఫున 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిచింది. మహాసభలు, గ్రంథాలయ యాత్రలు జరిగాయి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే, మనిషి దగ్గరకు పుస్తకం వెళ్లాలన్నది ఆ పడవ వెనుక ఉన్న ఆలోచన.

ఈ ఉద్యమంలో మనం గుర్తుంచుకోవలసిన అంశాలు మూడు. ఒకటి, ఏ ఊరి గ్రంథాలయం ఆ ఊరివారిదే; సంఘం వాటిని కలిపిందే తప్ప మింగలేదు. రెండు, పత్రిక ద్వారా ఒక ఊరి అనుభవం మరో ఊరికి తెలిసేది. మూడు, దాతృత్వం మీద నడిచిన పనికి క్రమంగా చట్టం తోడైంది. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు జరిగింది. దాతల ఔదార్యం కొన్నేళ్లు నడిపితే, పన్ను తరతరాలు నడిపింది. ఊరివారి చొరవ తగ్గి, గ్రంథాలయం సర్కారు కార్యాలయంలా మారిన చోట్లు కూడా ఉన్నాయని అదే సమయంలో చెప్పుకోవాలి.

4. ఎవరు మనవారు? ఎవరు కారు?

భావసారూప్యం అన్న మాట వినడానికి బాగుంటుంది. అది లోపలికి పిలిచినంత మందిని బయట కూడా నిలబెడుతుంది. గ్రంథాలయానికి రావాలంటే చదువు రావాలి. ఆనాడు చదువు ఎవరికి అందింది? స్త్రీలలో, నిమ్న కులాలలో అతి కొద్దిమందికి. తలుపు మీద నిషేధపు బోర్డు లేకపోయినా, లోపల కూర్చున్నవారు ఎవరో ఆ ఒక్క విషయమే తేల్చివేసింది.

విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిన 1906లోనే, అదే హైదరాబాదులో, భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలిని స్థాపించారు. ఆయన వయసు అప్పటికి పద్దెనిమిదేళ్లు. దళితవాడల్లో ఆయన మొదలుపెట్టింది పుస్తకంతో కాదు, హరికథలతో, భజనలతో. చదువురాని వారిని కూడగట్టాలంటే చెవికి అందే రూపం కావాలని ఆయన గ్రహించారు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పేరును కాదని 'ఆది ఆంధ్ర' అనే పేరును స్వీకరించింది. ఇతరులు పెట్టిన పేరు వద్దని తామే పేరు పెట్టుకోవడం ఒక సమాజం తనను తాను నిర్మించుకోవడంలో మొదటి మెట్టు. ఒకే ఏడాది, ఒకే నగరం, రెండు మండలులు. వీటిని పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ కాలపు చరిత్ర మనకు పూర్తిగా అర్థమవుతుంది.

ఒకే వర్గంలోనివారు కూడా వేర్వేరు శిబిరాలుగా చీలడం భాషా వివాదంలో చూస్తాం. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథిక భాషను సమర్థించారు. 1919లో వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గిడుగు రామమూర్తి 'తెలుగు' అనే పత్రిక నడిపి వాడుక భాషకు వాదించారు. వీరేశలింగం స్వయంగా గ్రాంథికంలో విస్తారంగా రాసినవారు. తన పాత అలవాటును దాటి ఆయన ఇవతలి పక్షానికి రాగలిగారంటే, ఎదుటి పక్షం వాదం ఆయన చెవికి చేరుతూ ఉండడమే కారణం. రెండు శిబిరాలూ ఒకరి రాతలు ఒకరు చదివేవి, ఖండించేవి. వాదం ఘాటుగానే సాగింది, కాని వినడం ఆగలేదు.

5. అవమానం నుంచి సంఘం, సవాలు నుంచి సంచిక

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు గేలి చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. పట్టుమని పన్నెండు మంది కూడా లేరు. అవమానం వల్ల కలిగిన కోపం ఒక్క రాత్రిలో చల్లారిపోవచ్చు. అలా జరగకపోవడానికి కారణం వారు వెంటనే పనులు ఎంచుకోవడం: గ్రంథాలయాలు, పాఠశాలలు, శాసనాల సేకరణ, వెట్టిచాకిరి మీద కరపత్రాలు. శాసనాలు సేకరించిన పరిశోధక సంఘానికి తరువాత కొమర్రాజు పేరుమీద లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టారు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి ఆ రోజుల్లో వినవచ్చింది. 'గోలకొండ పత్రిక' సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి దానికి వ్యాసంతో బదులిచ్చి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవితలు సేకరించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అంతవరకు ఆ కవుల్లో చాలామందికి తోటివారు ఇంతమంది ఉన్నారని తెలియదు. చెల్లాచెదురుగా ఉన్నవారు తమ సంఖ్య ఎంతో తెలుసుకోవడమే వారికి బలమైంది. నేడు అంతర్జాలంలో అనేకుల చేత సమాచారం సేకరించే పద్ధతికి దీన్ని పూర్వరూపంగా చెప్పుకోవచ్చు.

6. తెర మీద తెలుగు: మొదటి అడ్డంకి

1990ల తొలి ఏళ్లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కంప్యూటర్ల ద్వారా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తెర మీద తెలుగు లిపి లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకోవాల్సి వచ్చింది. ఎవరికి తోచినట్టు వారు రాస్తే చదవడం కష్టం. కాబట్టి ఒక పద్ధతి కావలసి వచ్చింది. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు తయారుచేసిన లిప్యంతరీకరణ పద్ధతి 'ఆర్‌టీఎస్' అలా వాడుకలోకి వచ్చింది. 1998లో 'ఈమాట' అంతర్జాల పత్రిక మొదలైంది.

తరువాత తెలుగు ఫాంట్లు వచ్చాయి. కాని ఏ పత్రిక ఫాంటు దానిదే. ఒక ఫాంటులో కొట్టినది మరో ఫాంటులో అర్థంలేని గుర్తులుగా కనిపించేది. ఒకే భాష మాట్లాడేవారు తెర మీద ఒకరినొకరు చదువుకోలేని స్థితి అది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, మామూలు కంప్యూటర్లలో అది పనిచేయడం 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకనే సాధ్యమైంది. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ', ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయించే 'లేఖిని' వంటి ఉపకరణాలను ఔత్సాహికులు తయారుచేసి ఉచితంగా పంచారు. ఒక శతాబ్దం ముందు తెలుగు పుస్తకం దొరకని పాఠకుడికి భాషా నిలయం చేసిన సాయం ఎటువంటిదో, తెలుగు రాయలేని వాడుకరికి ఈ ఉపకరణాలు చేసిన సాయం అటువంటిదే.

7. తెలుగు వికీపీడియా

ఇంగ్లీషు వికీపీడియా 2001లో మొదలు కాగా, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొదటి రోజుల్లో వ్యాసాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఊళ్ల పేర్లతో చిన్న చిన్న పుటలను యంత్ర సహాయంతో వేల సంఖ్యలో సృష్టించడంతో లెక్క ఒక్కసారి పెరిగింది. రెండు వాక్యాల పుటలతో ప్రయోజనమేమిటన్న విమర్శ వచ్చింది. తరువాత కాలంలో జనగణన వివరాలతో వాటిని పెంచారు. ఇప్పుడు మొత్తం వ్యాసాల సంఖ్య లక్ష దాటింది.

సంఖ్య కంటే పద్ధతి ముఖ్యం. ఇక్కడ ప్రతి మార్పుకూ నమోదు ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో పుట చరిత్రలో చూడవచ్చు. ప్రతి వ్యాసానికీ చర్చ పేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునే చోటికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. చిన్న వ్యాసం 'మొలక', రాసేవారు 'వాడుకరి'. ఈ మాటలు పండితుల సంఘం నిర్ణయించినవి కావు, పనిచేస్తూ ఉండగా కుదిరినవి. తటస్థంగా రాయాలి, చెప్పినదానికి ఆధారం చూపాలి అనే నియమాలు భిన్నాభిప్రాయాలు గలవారు ఒకే పుట మీద పనిచేయడానికి వీలు కల్పించాయి. అంటే ఇక్కడ భావసారూప్యం అభిప్రాయాల్లో కాదు, పని పట్ల.

2013 నుంచి ఈ స్వచ్ఛంద రచయితలు తమలో బాగా పనిచేసినవారికి ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టుకున్నారు. తొంభై ఏళ్ల కింద ఆగిపోయిన పనికి తాము వారసులమని వారు చెప్పుకున్నారన్నమాట. తేడా ఒకటి ఉంది. ఇక్కడ ఒకరు మానేస్తే మరొకరు అక్కడి నుంచే అందుకోగలరు. అయితే పాత బలహీనత పూర్తిగా పోలేదు. చదివేవారు లక్షల్లో ఉంటే, ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా రాసేవారు కొద్దిమందే. వారిలో స్త్రీలు మరీ తక్కువ.

8. అరచేతిలో గుంపులు

2016 తరువాత డేటా చౌక కావడంతో వాట్సాప్ గ్రామాలకు చేరింది. పదో తరగతి మిత్రులు, రైతులు, ఉద్యోగార్థులు, కులసంఘాలు అందరికీ గ్రూపులు ఏర్పడ్డాయి. ధరలు, ఉద్యోగ ప్రకటనలు, రక్తదానం కబుర్లు నిమిషాల్లో అందుతున్నాయి. ఈ మేలును తక్కువ చేయకూడదు.

రెండో వైపు కూడా చూడాలి. 2018 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఈ గ్రూపుల ద్వారానే పాకింది. అమాయకుల మీద దాడులు జరిగాయి. తనవారు పంపినదే కదా అన్న నమ్మకం, పరిశీలించకుండా ముందుకు పంపే అలవాటు, ఈ రెండూ కలిసి ప్రాణాల మీదకు తెచ్చాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు జానపద కళాకారులతో ఊరూరా పాటలు పాడించి, ఆ వదంతిని నమ్మవద్దని చెప్పించారు. ఫోనులో పుట్టిన అబద్ధాన్ని ఎదుర్కోవడానికి డప్పు, పాట, ముఖాముఖి మాట అవసరమయ్యాయి. ఆ ఏడాదే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుకు మించి పంపకుండా పరిమితి పెట్టింది.

9. పోల్చి చూస్తే

పై ఉదాహరణలను పోల్చితే కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

మొదటిది, మనుషులను కలిపేది భావమైనా, నిలిపేది పని. ఆంధ్ర జనసంఘం కోపంతో పుట్టి శాసనాల సేకరణతో నిలిచింది. పని లేని గ్రూపు శుభోదయాలతో మొదలై మౌనంతో ముగుస్తుంది.

రెండోది, జ్ఞాపకం. గ్రంథాలయ సంఘానికి పత్రిక ఉంది, వికీకి పుట చరిత్ర ఉంది. నిన్న ఏమి నిర్ణయించుకున్నామో నేడు వెతికినా దొరకని చోట ప్రతి తగాదా మొదటి నుంచి మొదలవుతుంది.

మూడోది, భిన్నాభిప్రాయానికి చోటు. రామయ్య పంతులు, రామమూర్తి పంతులు ఒకరి వాదం ఒకరు చదివారు. కాదన్నవాడిని తీసివేసే గ్రూపు ప్రశాంతంగా కనిపిస్తుంది. దానిలో తప్పును దిద్దేవాడు ఉండడు.

నాలుగోది, బయట నిలబడినవారి లెక్క. 1906లో అడ్డు అక్షరం. నేడు అడ్డు ఫోను ఖరీదు కావచ్చు, ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది కావచ్చు, కీబోర్డు మీద తెలుగు కొట్టడం రాకపోవడం కావచ్చు. తలుపు తీసి ఉంచడం ఒక్కటే చాలదని, చెవికి అందే రూపంలో ఇవతలికి రావాలని భాగ్యరెడ్డి వర్మ చూపిన దారి నేటికీ వర్తిస్తుంది.

దూరవిద్య విద్యార్థులుగా మీకు ఈ చర్చ పరాయిది కాదు. మీ తోటి విద్యార్థులు ఎక్కడెక్కడో ఉద్యోగాలు, ఇంటి పనులు చూసుకుంటూ ఇదే పాఠం చదువుతున్నారు. అధ్యయన కేంద్రంలో కలిసిన నలుగురు ఒక గ్రూపు పెట్టుకోవడం తేలిక. వారానికి ఒక భాగం పంచుకుని చదివి, ఒకరు రాసిన జవాబును మరొకరు దిద్ది, దాన్ని తరువాతి ఏడాది వారికి అందేలా భద్రపరచగలిగితే అది మండలి అవుతుంది. పరీక్ష తేదీ అడగడానికే అయితే అది నోటీసు బోర్డు.

10. సారాంశం

1901 నుంచి నేటి దాకా తెలుగువారు ఆలోచనల ఆధారంగా అనేక సమాజాలు నిర్మించుకున్నారు. అచ్చు, తపాలా, రైలు తొలి దశకు సాధనాలైతే, యూనికోడ్, అంతర్జాలం, ఫోను నేటి సాధనాలు. సాధనం దూరాన్ని తగ్గించింది, వేగాన్ని పెంచింది. ఉమ్మడి పని, జ్ఞాపకం, భిన్నాభిప్రాయానికి చోటు, బయటివారికి దారి అనే నాలుగింటిని మాత్రం ఏ సాధనమూ తనంతట తాను ఇవ్వలేదు. వాటిని ప్రతి తరం తన చేతులతో కట్టుకోవలసిందే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. విజ్ఞాన చంద్రికా మండలి సభ్యులను కలిపిన సాధనాలు ఏమిటి?
2. 1906లో హైదరాబాదులో ఏర్పడిన రెండు మండలులను పోల్చండి.
3. 'గోలకొండ కవుల సంచిక' ప్రాముఖ్యాన్ని వివరించండి.
4. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికీ తెలుగు వికీపీడియాకూ పనితీరులో గల పోలికలు, భేదాలు చర్చించండి.
5. మీ ఊరిలోని ఒక గ్రంథాలయం లేదా సంఘం ఎవరు, ఎప్పుడు, ఎందుకు స్థాపించారో పెద్దలను అడిగి తెలుసుకుని ఒక పుట రాయండి. అందులో ఎవరికి చోటు దొరకలేదో కూడా అడిగి రాయండి.